ఇరవై మూడు కిలోలు

నారిన్ పోస్టాఫీసులో పార్సిళ్లు తూచేదాన్ని నేను.
పంతొమ్మిదేళ్లుగా, చేతికెత్తగానే బరువు చెప్పేస్తాను.
చలికాలపు కోటు రెండున్నర. తేనె సీసా కిలోంపావు.
మా మీరిమ్ పుట్టినప్పుడు నర్సు కన్నా ముందే చెప్పాను,
మూడు కిలోల నూటయాభై అని.
నవ్వారు. తూచారు. నవ్వు మానేశారు.

విమానం వాళ్లు ఇరవై మూడంటే ఇరవై మూడే అన్నారు.
అదెంత పని? ఏది తీసెయ్యాలో నా చేతులకి తెలుసు.
చిక్కంతా తూకానికి రానివాటితోనే.

ఏప్రిల్‌లో బ్యాంకు కార్డు దాని చేతికిచ్చి
నెల ఖర్చంతా ఒకేసారి వేశాం.
పద్దెనిమిదో తారీఖుకి ఊడ్చిపెట్టేసింది.
మిగతా పన్నెండు రోజులూ
మా బల్ల దగ్గరే, మా పక్కనే కూచుని
చిల్లర ఏరుకుని కొన్న నూడుల్స్ తింది.
పొయ్యి మీద పలావు. గదంతా వాసన.
గరిటె పట్టుకుని రెండుసార్లు లేచాను.
రెండుసార్లూ సగిన్‌బెక్ నా మోచెయ్యి పట్టుకుని కూచోబెట్టాడు.

జూన్‌లో బిష్కెక్ తీసుకెళ్లి
ముక్కూ మొహం తెలియని పేటలో వ్యాన్ దింపేశాడు.
ఫోన్ లాక్కున్నాడు. "పొద్దుగూకేలోగా పిన్ని ఇంటికి రా."
వచ్చింది, ఆరున్నరకి. బూట్ల నిండా దుమ్ము,
ఎవరో ముసలావిడ పోసిన ఆప్రికాట్లు ఒళ్లో.
"ఎనిమిది మందిని అడిగాను. ముగ్గురు తప్పుదారి చెప్పారు" అంది,
అదేదో బహుమతి గెలిచినట్టు.
వాళ్ల నాన్న పొద్దంతా సందుల్లో వ్యాన్ దాచుకుంటూ
దాని వెనకే తిరిగాడని దానికి తెలీదు.
నాకు తెలుసు. డీజిల్ లెక్క నాదే కదా.

అసలు పాఠం వేరే ఉంది.
మా ఇళ్లల్లో పిల్లలు పెద్దవాళ్లని కాదనరు.
గిన్నెలో టీ పోస్తే తాగడమే.
అది వెళ్లే బ్ర్నోలో "అనో" అంటే అవునట,
"నే" అంటే కాదట.
ఒక్క అక్షరం. దాని నోట్లోంచి ఊడిపడదే!

అందుకని వంటింట్లో నాటకం.
సగిన్‌బెక్ నా శాలువా తలకి చుట్టుకుని
ఇల్లద్దెకిచ్చే ముసలమ్మయ్యాడు. మీసాల ముసలమ్మ.
"వేణ్ణీళ్లకి వేరే డబ్బులు."
"సరేనండీ."
"మా మేనల్లుడు నీ గదిలో సామాను పెట్టుకుంటాడు."
"సరేనండీ."
"చదవక్కర్లేదమ్మా, ఇక్కడో సంతకం పారెయ్."
పారేసింది! నిజంగానే, ఉత్త తెల్లకాగితం మీద.
ఆయన శాలువా విప్పి బల్లకేసి కొట్టాడు.
కసరలేదు. "మళ్లీ" అన్నాడు.

జులై అంతా మళ్లీ.
ఒక రాత్రి, అద్దె పెంచబోయిన మీసాల ముసలమ్మతో
"నే" అంది.
గొంతు అప్పుడే ఈనిన మేకపిల్ల కాళ్లలా వణికింది.
"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి. చదివాకే సంతకం."
ఆ అర్ధరాత్రి పుచ్చకాయ కోసుకున్నాం ముగ్గురం.

ఆగస్టు ముప్ఫై. గడప దగ్గర పెట్టె.
ఇరవై రెండు తొమ్మిదొందలు, అంది నా చెయ్యి.
అప్పుడు తెచ్చాడు లోపల్నుంచి
వాళ్ల నాన్న గొర్రెతోలు కోటు.
నాలుగు కిలోల పైమాట. మమ్మల్నెవర్నీ ముట్టనివ్వడు దాన్ని.
"తొడుక్కుని ఎక్కు. ఒంటి మీదది తూచరు."
ముసలమ్మ గొంతు కాదు. ఆయన గొంతే.

మీరిమ్ కాలరు దగ్గర వాసన చూసింది,
కాసేపు చూస్తూనే ఉంది.
మడతపెట్టి ఆయన చేతుల్లోనే పెట్టి
"వద్దు నాన్నా" అంది.
వణకలేదు.

బిష్కెక్ దాకా ఐదు గంటల దారి. మాడ్చే ఎండ.
తాతగారి కోటు తనే తొడుక్కుని నడిపాడు వ్యాన్,
చెమట గడ్డంలోంచి స్టీరింగ్ మీదకి కారుతుంటే.
"విప్పెయ్యి నాన్నా, ఉడికిపోతావు" అంది వెనక సీట్లోంచి.
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా
"నే" అన్నాడు.